పందెపు పడవకు గాలి కబురు

తెరచాప పడవల పోటీలలో పాల్గొనే జట్లకు గాలి ఎటునుంచి వస్తుందో, ఎంత వేగంతో వీస్తుందో, ఎప్పుడు తిరుగుతుందో ముందుగా అంచనా కట్టి చెప్పే మనిషి ఒకరు ఉంటారని, కొన్నేళ్లుగా నేను ఆ పనే చేస్తున్నానని గత నెల ఈ శీర్షికలో క్లుప్తంగా రాశాను. దాని మీద కాకినాడ నుంచి నరసాపురం దాకా గోదావరి డెల్టా పాఠకులు ఎన్నో ప్రశ్నలు పంపారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. హైదరాబాదులో మా అక్కగారింట్లో ఉండి చదువుకుంటూ, హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే పిల్లల తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. పోటీ ఉన్న రోజున నేను ఇక్కడ ఫోన్‌లో గాలి వేగం చూసి దానికి చెబుతుంటాను. ఫోన్‌లో పదహారు అని ఉంటే వాళ్ల కోచ్ గారు ఏడు అంటారట. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తల్లి, కాకినాడ

సమాధానం: అమ్మా, ఆ రెండు అంకెలూ ఒకే గాలివి కావచ్చు. మీ ఫోన్ గంటకు కిలోమీటర్లలో చూపిస్తోంది, కోచ్ గారు నాట్లలో చెబుతున్నారు. మన డెల్టాలో నాట్లు అనగానే వరినాట్లే గుర్తుకు వస్తాయి గానీ, సముద్రం మీద ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. పదహారు కిలోమీటర్లను నాట్లలోకి మారిస్తే ఎనిమిదిన్నర చిల్లర వస్తుంది. ఎనిమిదిన్నర నుంచి ఏడుకు ఎలా దిగిందన్నదే తెలుసుకోవలసిన సంగతి.

వాతావరణ కేంద్రాలు చెప్పే గాలి వేగం నేలకైనా నీటికైనా 10 మీటర్ల ఎత్తున ఉండే వేగం. ప్రపంచమంతటా ఇదే కొలత. మీ అమ్మాయి పడవ పొడవు 2.3 మీటర్లు, దాని తెరచాప నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే గాలిని పట్టుకుంటుంది. కిందికి వచ్చేకొద్దీ నీటి రాపిడికి గాలి మందగిస్తుంది కనుక, ఆ ఎత్తున వేగం సాధారణంగా నూటికి పది పదిహేను వంతులు తగ్గి ఉంటుంది. పైగా హుస్సేన్ సాగర్ చుట్టూ ఎత్తైన భవనాలున్నాయి. వాటిని దాటి వచ్చే గాలి విరిగి, సుడులు తిరిగి, నీటి మీద ఒకచోట నాలుగు నాట్లుగా, కాస్త అవతల తొమ్మిది నాట్లుగా తగులుతుంది. కోచ్ గారు పిల్లలు పడవలు నడిపే చోటనే గాలి వేగం కొలిచే మీటరు పట్టుకుని చూసి ఉంటారు.

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. ఫోన్‌లో కనబడే అంకె ఎవరో కొలిచి పెట్టినది కాదు, కంప్యూటరు లెక్క కట్టినది. ఆ లెక్క భూమిని గళ్లుగళ్లుగా చేసుకుని, గడికొక వేగం చొప్పున కడుతుంది. అమెరికా వారి జీఎఫ్‌ఎస్ లెక్కలో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ కేంద్రం వారి లెక్కలో సుమారు 9 కిలోమీటర్లు. అంత గడిలో హుస్సేన్ సాగర్, దాని చుట్టూ ఉన్న పేటలు అన్నీ కలిసిపోతాయి. మన దగ్గరే చూడండి, కాకినాడ అఖాతానికి అడ్డంగా పడుకున్న హోప్ ఐలాండ్ పొడవు పదహారు కిలోమీటర్ల దాకా ఉన్నా, సన్నని ఇసుక దిబ్బ కావడం వల్ల ఆ లెక్కకు అది ఉన్నట్టే తెలియదు.

దిక్కు చదవడంలో కూడా చాలామంది పొరబడుతున్నారు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి అని మనకు తెలుసు. ఫోన్‌లో 270 డిగ్రీలు అని ఉంటే అర్థం అదే. కానీ పక్కనే ఉండే బాణం చాలా యాప్‌లలో గాలి పోయే వైపును చూపిస్తుంది. అంకె ఒక దిక్కు, బాణం దానికి ఎదురు దిక్కు చెబుతున్నట్టు కనబడి తికమక పడతాం. అలాగే కొన్ని చోట్ల వేళను గ్రీనిచ్ కాలంలో ఇస్తారు, దానికి ఐదున్నర గంటలు కలుపుకుంటేనే మన వేళ అవుతుంది. ఉదయం ఆరు అని రాసి ఉన్న గాలి నిజానికి మనకు పదకొండున్నరకు వీచేది.

అందుచేత పోటీ రోజున మీరు అమ్మాయికి అంకె చెప్పకండి. పొద్దుటికంటే మధ్యాహ్నానికి గాలి పెరుగుతుందా తగ్గుతుందా, ఏ వైపుకు తిరుగుతుంది అన్నది చూసి చెప్పండి. లెక్క అంకెలో తప్పినంత తరచుగా ఆ పోకడలో తప్పదు. నీటి మీద ఎంత గాలి ఉందన్న దానికి మాత్రం కోచ్ గారి చేతిలో మీటరుదే చివరి మాట.

ప్రశ్న: పూర్వం మా తాళ్లరేవు, కోరంగి రేవుల నుంచి తెరచాప ఓడలు గాలినే నమ్ముకుని బంగాళాఖాతం దాటి వెళ్లేవి. అప్పుడు ఉపగ్రహాలు లేవు, కంప్యూటర్లు లేవు. ఒడ్డున నిలబడితే కనబడే దూరంలో జరిగే పందేనికి ప్రత్యేకంగా ఒక వాతావరణ నిపుణుడు ఎందుకు? ఆయన కొత్తగా చెప్పేది ఏముంటుంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తాళ్లరేవు

సమాధానం: మాస్టారూ, ఆ తరానికి గాలి తెలియదని ఎవరూ అనలేరు. ఈశాన్యపు గాలి పట్టిన నెలల్లో ఎటు సాగాలో, నైరుతి తిరిగాక ఎప్పుడు మళ్లుకోవాలో వారికి కంఠతా వచ్చు. అయితే అది నెలల మీద, వారాల మీద నడిచే లెక్క. పందెంలో లెక్క నిమిషాల మీద, గాలి తిరిగే ఐదు పది డిగ్రీల మీద నడుస్తుంది. ఆ తేడాను కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదని మీకు తెలియనిది కాదు. గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీల వారగా కొంత దూరం ఒక పక్కకు, మళ్లీ మలుపు తీసుకుని అంతే వారగా రెండో పక్కకు నడుస్తూ పైకి ఎక్కాలి. పోటీలలో పడవలు చుట్టి రావలసిన మొదటి గుర్తును సాధారణంగా గాలి వచ్చే దిక్కునే నీటిలో తేలవేస్తారు, కనుక పందెం ఎక్కువగా ఆ ఎదురుగాలి నడకలోనే తేలిపోతుంది. ఇప్పుడు సమానంగా వెళుతున్న రెండు పడవలను ఊహించండి. గాలికి ఎదురుగా చూస్తే ఒకటి కుడివైపున, ఒకటి ఎడమవైపున, నడుమ 100 మీటర్ల ఎడం ఉంది. గాలి 10 డిగ్రీలు కుడికి తిరిగిందంటే, కుడివైపు పడవ ఏ శ్రమా లేకుండా గాలి దిక్కున 17 మీటర్లు ముందుకు వెళ్లినట్టే. రెండోది వారగానే నడవాలి కనుక ఆ లోటు పూడ్చుకోవడానికి దాదాపు 25 మీటర్లు నడవాలి. ఒలింపిక్స్‌లో మన విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ నడిపిన ఐఎల్‌సీఏ తరగతి పడవ పొడవు 4.23 మీటర్లు. అంటే ఒక్క గాలి మలుపుతో ఆరు పడవల పొడవు వెనకబడ్డట్టు. చేతి సత్తువతో, చుక్కాని నేర్పుతో ఆ దూరం పూడ్చడం ఆ స్థాయిలో చాలా కష్టం. గాలి తిరిగేటప్పటికి ఏ పక్కన ఉండాలో ముందుగా తెలియడమే దానికి మార్గం.

ఇక ఆ పక్క ఎలా తెలుస్తుందో మన కాకినాడ తీరం మీదనే చూపిస్తాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక మామూలు రోజు తీసుకోండి. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది, పడమర, వాయవ్యాల నుంచి నేలగాలి పల్చగా సముద్రం వైపు పోతుంటుంది. తొమ్మిది దాటేసరికి అది పడిపోతుంది, నీరు నూనె పోసినట్టు నిగనిగలాడుతుంది, ఒడ్డున ఉక్కపోత మొదలవుతుంది. నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంటే, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి కదులుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే దూరాన నీటి మీద ఒక నల్లని గీత కనబడుతుంది. అది గాలి తాకి ముడతపడిన నీరు. ఆ గీత ఒడ్డుకు జరుగుతూ వస్తుంది, అది చేరిన చోటల్లా తెరచాపలు ఒక్కసారిగా నిండుతాయి. మొదట అది తూర్పు నుంచో, తూర్పు ఆగ్నేయం నుంచో తగులుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల మన ఉత్తరార్ధగోళంలో సముద్రపు గాలి పొద్దు వాలేకొద్దీ గడియారపు ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది, అంటే ఆగ్నేయానికి, సాయంత్రానికి దక్షిణం వైపుకు. వేసవిలో పొద్దుగూకే వేళ మనవాళ్లు ఎంతో ఇష్టంగా చెప్పుకునే పైరగాలి ఈ మలుపు చివరన వచ్చేదే. తూర్పుకు ముఖం పెట్టి నిలబడితే ఆ మలుపు కుడిచేతి వైపుకు. కాబట్టి మధ్యాహ్నపు పందెంలో, మరే కారణమూ అడ్డు రాకపోతే, మొదట కుడిపక్కకు వెళ్లిన పడవకు లాభం.

మరే కారణమూ అడ్డు రాకపోతే అన్నాను చూడండి, నిపుణుడి పనంతా ఆ మాటలోనే ఉంది. గాలి మారడం రెండు రకాలు. ఒకటి తిరిగే గాలి, ఇప్పుడు చెప్పినట్టు ఒకే వైపుకు మెల్లగా జరుగుతూ పోయేది. రెండోది ఊగే గాలి, ఐదు పది నిమిషాలకోసారి అటూ ఇటూ ఊగి మళ్లీ మొదటి చోటికి వచ్చేది. తిరిగే గాలిలో అది తిరగబోయే పక్కకు ముందే వెళ్లాలి. ఊగే గాలిలో ఏ పక్కకూ దూరంగా పోకుండా నడుమనే ఉండి, పడవ ముక్కు ఎప్పుడు గుర్తు నుంచి పక్కకు పోతుంటే అప్పుడు మలుపు తీసుకోవాలి. ఒకదానికి చేయవలసింది రెండోదానికి చేస్తే మొత్తం పోగొట్టుకుంటాం. రెండింటినీ విడదీయడానికి మేము చేసే పని చూడటానికి చాలా సాదా పని. పోటీకి రెండు గంటల ముందు నుంచి పడవలో కూర్చుని, ప్రతి ఐదు నిమిషాలకూ దిక్సూచితో గాలి దిక్కును, మీటరుతో వేగాన్ని చూసి కాగితం మీద రాస్తాం. 95, 105, 98, 106, 97 అని వస్తే అది ఊగుతోంది. 95, 102, 100, 108, 113 అని వస్తే ఊగుతూనే తిరుగుతోంది. కంప్యూటరు లెక్కలు, ఉపగ్రహ చిత్రాలు, అదే చోట పోయిన ఏడాది అదే నెలలో రాసుకున్న పుస్తకాలు ఈ కాగితం పక్కన పెట్టి చూస్తాం. పెద్ద జట్లు పోటీ జరగబోయే రేవుకు ఒకటి రెండేళ్ల ముందు నుంచే వెళ్లి ఇలా పుస్తకాలు నింపుకుంటాయి. ఉదయం ఎనిమిదికి జట్టుకు చెప్పే పది నిమిషాల మాట వెనక ఇంత పని ఉంటుంది.

నా స్వానుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేను ఈ పని నిజంగా నేర్చుకున్నది ఆ రోజునే. తూర్పు తీరంలో ఒక పోటీలో, ఇలాంటి మధ్యాహ్నమే, ఒంటిగంట దాటాక గాలి కుడికి తిరుగుతుందని జట్టుకు గట్టిగా చెప్పాను. పన్నెండున్నరకు ఒడ్డు మీద మబ్బు దట్టంగా కమ్ముకుంది. నేలకు ఎండ తగలక గాలిని లాగే బలం తగ్గిపోయి, గాలి కుడికి తిరగడానికి బదులు పల్చబడి ఎడమకు జారింది. మిగతా పడవలు మబ్బును చూసి ఎడమకు మళ్లాయి. మా పిల్లలు నా మాట మీద గౌరవంతో కుడికే వెళ్లి చిట్టచివర వచ్చారు. వారు మబ్బును చూడలేదని కాదు, చూసినా నేను చెప్పిన మాటను దాటలేకపోయారు. అంచనా తప్పడం ఈ పనిలో ఉండేదే. ఆ అంచనా దేని మీద నిలబడి ఉందో వారికి చెప్పకపోవడం మాత్రం నేను చేసిన తప్పు. ఆ తరువాత నుంచి ప్రతి అంచనా కింద రెండు వాక్యాలు తప్పకుండా రాస్తున్నాను: ఇది జరగాలంటే ఒడ్డు మీద ఎండ ఉండాలి, ఇన్ని గంటలకు నల్లగీత కనబడాలి. అవి లేకపోతే ఈ కాగితాన్ని పక్కన పెట్టి మీ కళ్లను నమ్మండి.

ఆ ఓడల సరంగులకు ఎవరూ కాగితం ఇవ్వలేదు కనుక వారి కళ్లు ఎప్పుడూ ఆకాశం మీదే ఉండేవి. మేము పిల్లలకు తిరిగి అలవాటు చేయాలని చూస్తున్నది ఆ చూపునే.

ప్రశ్న: పోటీ జరుగుతున్నప్పుడు ఒడ్డున ఉన్న నిపుణుడు రేడియోలో జట్టుకు గాలి కబుర్లు చెప్పవచ్చా? సముద్రాలు దాటే పందేలలో ఎలా?
– ఇంటర్ విద్యార్థి, యానాం

సమాధానం: చెప్పకూడదు. సెయిలింగ్ పోటీల అంతర్జాతీయ నియమాలలో 41వ నియమం బయటి సహాయాన్ని నిషేధిస్తుంది. ప్రమాదంలో ఉన్నవారికి సాయపడవచ్చు, అన్ని పడవలకూ ఉచితంగా అందుబాటులో ఉండే సమాచారాన్ని వాడుకోవచ్చు, ఒకటి రెండు చిన్న మినహాయింపులు తప్ప అంతకు మించి వీల్లేదు. పోటీ ఆరంభానికి నాలుగు నిమిషాల ముందు సన్నాహ సంకేతం ఇస్తారు. నియమం ప్రకారం ఆ క్షణం నుంచి పడవ పందెంలో ఉన్నట్టే, కాబట్టి కోచ్ పడవలు అప్పటికే ఎడంగా తప్పుకుని ఉంటాయి. మేము చెప్పదలచినదంతా ఆలోపే చెప్పాలి.

మహాసముద్రాల పందేలలో ఒక్కొక్కదానిది ఒక్కొక్క పద్ధతి. ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టివచ్చే వాందే గ్లోబ్‌లో ఒడ్డు నుంచి ఎవరూ దారి చెప్పకూడదు, నావికుడే లెక్కలు దింపుకుని చూసుకోవాలి. మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ పాల్గొన్న గోల్డెన్ గ్లోబ్ పందెం నియమాలు ఇంకా కఠినం. అక్కడ దారి తెలుసుకోవడానికి జీపీఎస్ కూడా వాడకూడదు. ఆయన 2018లో దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో తెరచాప కొయ్యలు విరిగి, వెన్నెముక దెబ్బతిని, మూడు రోజులకు రక్షణ పొందారు. మళ్లీ అదే పందెంలో దిగి 2023లో రెండవ స్థానంలో ముగించారు.

ప్రశ్న: మే నెలలో కొన్ని రోజులు సాయంత్రం నాలుగైనా సముద్రపు గాలి రాదు, కొబ్బరాకు కదలదు, లేదంటే పడమటి నుంచి వడగాలి కొడుతుంది. అలాంటి రోజును ముందే చెప్పగలరా? గాలి లేకపోతే పోటీ ఏమవుతుంది?
– కొబ్బరి రైతు, అమలాపురం

సమాధానం: చాలావరకు చెప్పగలం. సముద్రపు గాలి నేల వేడికే పుడుతుంది కనుక మే నెలలో అది ఇంకా బలంగా రావాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో తెలంగాణ మీదుగా వచ్చే పడమటి గాలి దానికి ఎదురు నిలుస్తుంది. ఆ గాలి తేలికగా ఉంటే సముద్రపు గాలి దాన్ని తోసుకుని ఒడ్డెక్కుతుంది. మరీ బలంగా ఉంటే తీరానికి అవతలే ఆగిపోతుంది. కోస్తాలో వడగాడ్పులు తీవ్రమయ్యే రోజులు చాలావరకు సముద్రపు గాలి ఆలస్యమైన రోజులే. విశాఖపట్నంలో, మచిలీపట్నంలో వాతావరణ శాఖ వారు ఉదయం బెలూన్ ఎగరవేసి పై గాలులను కొలుస్తారు. ఒక కిలోమీటరు ఎత్తున పడమటి గాలి ఎంత బలంగా ఉందో అందులో చూసుకుంటే, ఆ మధ్యాహ్నం మీ తోటలోకి చల్లగాలి ఎప్పుడు వస్తుందో ఒక అంచనాకు రావచ్చు.

గాలి లేని రోజున పోటీ నిర్వాహకులు ఎరుపు, తెలుపు నిలువు చారల జెండా ఎగరవేస్తారు. వాయిదా అని దాని అర్థం. 2024 పారిస్ ఒలింపిక్స్ సెయిలింగ్ మార్సేలో జరిగినప్పుడు గాలి చాలక పతకాల పందేలు కొన్ని మరుసటి రోజుకు జరపవలసి వచ్చింది. అలాంటప్పుడు జట్టు మమ్మల్ని అడిగేది గాలి వేగం ఎంతని కాదు, ఇంకెంతసేపు వేచి ఉండాలని. మూడు గంటల దాకా రాదని నమ్మకంగా చెప్పగలిగితే పిల్లలు నీడకు వచ్చి తిని, నీళ్లు తాగి, కాసేపు నడుం వాలుస్తారు. చెప్పలేకపోతే ఎండలో పడవ మీదే కూర్చుని నీరసిస్తారు, తీరా గాలి వచ్చేసరికి చేతుల్లో సత్తువ ఉండదు. నా దృష్టిలో వేసవి పోటీలలో నిపుణుడు చేసే అన్నిటికంటే విలువైన సాయం ఇదే.

ప్రశ్న: మాది వేట మీద బతికే కుటుంబం. గాలి పదిహేను నాట్లే అని చెప్పి చిన్న పడవల్లో పిల్లలను పంపితే, ఒక్కసారిగా ఈదురుగాలి విరుచుకుపడితే వారి గతి ఏమిటి? నది సముద్రంలో కలిసే మా మొగ దగ్గర అయితే పదిహేనుకే నీళ్లు ఎగసిపడతాయి.
– అంతర్వేది పాఠకుడు

సమాధానం: మీరు అడిగినది ఈ పనిలో అన్నిటికంటే బరువైన ప్రశ్న. పదిహేను నాట్లు అని మేము చెప్పినప్పుడు అది కొన్ని నిమిషాల సగటు. నడుమ వచ్చే విసురు దానికంటే ఎక్కువ ఉంటుంది. ఈ తేడా జనానికి అర్థం కాకపోవడం వల్ల జరిగిన నష్టానికి 1998 సిడ్నీ–హోబార్ట్ పందెం సాక్ష్యం. డిసెంబరు 26న 115 పడవలు బయలుదేరాయి. ఆ మధ్యాహ్నమే ఆస్ట్రేలియా వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చింది. అయినా పడవలు ముందుకే సాగాయి, ఆరుగురు నావికులు చనిపోయారు, 44 పడవలు మాత్రమే గమ్యం చేరాయి. తరువాత జరిగిన విచారణలో బయటపడిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, హెచ్చరికలోని అంకెను చాలామంది నావికులు గరిష్ఠం అనుకున్నారు. ఆనాటి నుంచి అక్కడి సూచనలలో విసురు సగటుకంటే 40 శాతం ఎక్కువ ఉండవచ్చని, అల చెప్పిన ఎత్తుకు రెండింతలు ఉండవచ్చని విడిగా రాస్తున్నారు. గాలి వేగం పదికి పద్నాలుగైతే తెరచాప మీద పడే బలం దాదాపు రెట్టింపు అవుతుందని గుర్తుంచుకుంటే, ఆ 40 శాతం ఎంతటిదో తెలుస్తుంది. అందుకే నేను జట్లకు ఎప్పుడూ రెండు అంకెలు ఇస్తాను, సగటు ఒకటి, విసురు ఒకటి. పిల్లల పోటీ అయితే విసురును చూసే నిర్ణయం తీసుకోవాలని నిర్వాహకులకు చెబుతాను.

ఈదురుగాలి సంగతి వేరు. తుపాను అయితే రోజుల ముందే తెలుస్తుంది, రేవుల్లో ప్రమాద సూచిక ఎగురుతుంది, పోటీ ఉండనే ఉండదు. క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బు కింద నుంచి విరుచుకుపడే ఈదురుగాలికి గంట ముందు కూడా ఆనవాలు ఉండకపోవచ్చు. మబ్బులో నుంచి చల్లబడిన గాలి బరువెక్కి నేలకు దూకి, నలువైపులా చిమ్ముకుని, వాన చినుకు కంటే ముందే పడవను చేరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పోటీ ఉంటే మధ్యాహ్నం నుంచి ఒకరు వేరే పనేదీ పెట్టుకోకుండా మచిలీపట్నం రాడార్ చిత్రాన్నే చూస్తూ కూర్చోవాలి. వాతావరణ శాఖ మూడు గంటలకోసారి ఇచ్చే తక్షణ సూచనలను, పిడుగుల కబురు చెప్పే దామిని యాప్‌ను కూడా చూస్తుండాలి. ఉరుము వినబడితే పందెం ఆపి పిల్లలను ఒడ్డుకు తేవాలి, చివరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా తిరిగి నీటిలోకి పంపకూడదు. నిలువెత్తు అల్యూమినియం కొయ్యతో నీటి నడుమ ఉన్న పడవకు పిడుగుపాటు ముప్పు ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. ఈ విషయంలో గెలుపోటములను లెక్కలోకి తీసుకునే నిపుణుడు ఆ పనికి తగడు.

మొగ దగ్గర నీళ్లు ఎగసిపడటం గురించి మీరు రాసినది అక్షరాలా నిజం. వశిష్ఠ మొగలో పాటు నీరు సముద్రంలోకి లాగుతుంటుంది, సరిగ్గా ఆ వేళకు దక్షిణపు గాలి సముద్రం నుంచి ఎదురు తోస్తే అల పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. అదే గాలికి పోటు నీరు ఉంటే రెండూ ఒకే వైపుకు పోతాయి కనుక నీరు నునుపుగా ఉంటుంది. గాలి అంకె ఒకటే, నీటి తీరు రెండు రకాలు. అమావాస్యకు, పున్నమికి నీటి లాగుడు ఎక్కువ కనుక ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుచేత గాలి అంచనా పక్కనే ఆటుపోట్ల వేళలు రాయకుండా ఏ జట్టుకూ కాగితం ఇవ్వకూడదు. డెల్టాలో ఎవరైనా పోటీ పెట్టదలిస్తే ముందుగా కూర్చోబెట్టి మాట్లాడవలసినది మీ ఇంటి పెద్దలతో. మొగలో ఏ మేట ఎక్కడికి జరిగిందో, ఏ గంటకు నీరు మళ్లుతుందో మా లెక్కల కంటే వారికే బాగా తెలుసు.

ప్రశ్న: నేను బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– రాజమహేంద్రవరం విద్యార్థిని

సమాధానం: చదువు కోసం దూరం పోనక్కరలేదమ్మా. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాలకు ఎంతో కాలంగా పేరున్న విభాగం ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ గాలి, అలలు, సముద్ర ప్రవాహాల అంచనాలను రోజూ అందరికీ అందుబాటులో ఉంచుతుంది, మత్స్యకారులు వాడేవి కూడా అవే. ఫిజిక్స్ చదివినవారికి అందులోని గణితం కొరుకుడు పడనిదేమీ కాదు.

పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ఒక నోటుపుస్తకం, చవకరకం దిక్సూచి, ఒక ఉన్నిదారం ముక్క చాలు. దారాన్ని కర్రకు కట్టి గోదావరి గట్టు మీద ఒకే చోట, చెట్లకూ గోడలకూ ఎడంగా, రోజూ ఒకే వేళకు అరగంటసేపు నిలబడి, ఐదు నిమిషాలకోసారి గాలి దిక్కు రాయండి. ఇంటికి వచ్చాక ఆ వేళకు ఫోన్ లెక్క ఏమి చెప్పిందో పక్క గడిలో రాయండి. మూడో గడిలో ఆకాశం ఎలా ఉందో, నది అవతల ఏ వైపున మబ్బు ఉందో రాయండి. సెలవులకు ఎవరైనా కాకినాడ బీచికి తీసుకువెళితే అక్కడ పొద్దున్న తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఇదే పని చేయండి, నల్లగీత కనబడిన నిమిషాన్ని తప్పకుండా రాయండి. మూడు నెలల పుస్తకం నిండాక ఈ శీర్షికకు పంపితే, లెక్క ఏ రోజుల్లో తప్పింది, ఎందుకు తప్పింది అన్నది మనం కలిసి చూద్దాం.